మాసయ్య నాలుగెకరాలు

“నేను ఇంట్ల లేనని చెప్పు,” అన్నాడు నాగేశ్ వంటింట్లోంచి, గొంతు బాగా తగ్గించి.

“నీ చెప్పులు అరుగు మీదనే ఉన్నయ్,” అంది నవనీత. “మాసయ్య పెద్దయ్య వాటి పక్కనే కూసున్నడు.”

నాగేశ్ కాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తర్వాత పెరటి తలుపు తీసి, ఒట్టి కాళ్లతోనే సందులోకి వెళ్లిపోయాడు. భర్త అలా దొడ్డిదారిన పోవడం నవనీత పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఎన్నడూ చూడలేదు.

మాసయ్య పొద్దు పొడవగానే వచ్చాడు. ఉతికిన ధోతి కట్టుకున్నాడు. భుజం మీద కొత్త తువ్వాల. ఒళ్లో ప్లాస్టిక్ కవరు, అందులో పట్టా పాస్‌బుక్కు, ఆధార్ కార్డు. ఇవాళ పదకొండు గంటలకు తహసీల్ ఆఫీసులో ఆయన నాలుగెకరాల రిజిస్ట్రేషన్. పెబ్బేరు దాటగానే హైవేకు ఆనుకుని ఉన్న నాలుగెకరాలు. ఆరు నెలల కింద పది లక్షలు బయానాగా ముందే ఇచ్చి, ఎకరా నలభై లక్షల లెక్కన నాగేశ్ అగ్రిమెంటు రాయించుకున్నాడు. మిగతా పైసలు ఇవాళ చేతిలో పెడితే మాసయ్య సంతకం చేస్తాడు.

“ఉప్మా తిను మాసన్నా, ఎంతసేపు గట్ల కూసుంటవ్,” అంది అత్త లక్ష్మీదేవమ్మ ప్లేటు తెచ్చి.

“సంతకం అయినంక తింట వదినా. సంతకానికి పోంగ కడుపు బరువు ఏంటికి.” మాసయ్య నవ్వబోయాడు. “నాగేశ్ వస్తడు గద? నాకు రేపు అయిజ కాడ పైసలు కట్టేదున్నది.”

“అయిజ కాడ ఏమున్నది?”

“ఆరెకరాలు చూసుకున్న. ఈడ నాలుగు పోతే ఆడ ఆరు వస్తున్నయ్. మీ పిల్లగాడు ఇచ్చిన బయానా మొత్తం తీసుకపోయి ఆడ బయానా కట్టిన. రేపు మిగతాది కట్టకుంటే ఆ పది లక్షలు గూడ పోతయ్.”

నవనీత గడపలో నిలబడి వింటోంది. ఈ ముసలాయన దగ్గరైనా ఆ పది లక్షలు భద్రంగా ఉన్నాయని ఆమె అనుకుంది. అవీ నడిచి పోయాయి.

బర్రెకు గడ్డి వేసి మామ నాగప్ప లోపలికి వచ్చాడు. కొడుకు లేడని మొహం చూసే గ్రహించాడు.

“వానికి ఎవరియ్యాలె బిడ్డా పైసలు?”

“వనపర్తి శివశంకర్ ఇయ్యాలె మామా. మాసయ్య పెద్దయ్య అగ్రిమెంటును మనోడు ఎకరా యాభై ఐదుకు ఆయనకు అమ్మిండు. ఆయన ఇస్తే ఈయనకు కడ్తడు.”

“వాడు ఫోన్ల అడుగుతడు. వాళ్లు ఫోన్ల చెప్తరు. ఒక్కరన్న మొహం చూసి అడిగిన్రా?” నాగప్ప తలకు రుమాలు చుట్టుకున్నాడు. “బండి తియ్. పోదాం పా.”

*

నాగప్ప స్కూటీ వెనక కూర్చున్నాడు. రోడ్డుకు రెండు పక్కలా ప్లాట్ల వెంచర్ల కమానులు. ఒక్కో కమాను వెనక తెల్లటి రాళ్లు, ఎర్ర జెండాలు, మొరం రోడ్లు. నవనీత పెళ్లయి వచ్చిన ఏడాది ఇక్కడ పల్లి చేలు ఉండేవి. అవి కూడా వాన పడితేనే. గద్వాలలో మగ్గం చప్పుడు మధ్య పుట్టి పెరిగిన ఆమెకు ఈ ఎర్రటి ఎండిన నేల చూసి, ఇక్కడ మనుషులు ఎట్లా బతుకుతారా అనిపించేది.

మామ పుణెలో మట్టిపని చేసి బతికాడు. ఆయన తండ్రి అక్కడే చనిపోయాడు.

వనపర్తి పొలిమేరలో కాలువ వంతెన వచ్చింది. “జర ఆపు,” అన్నాడు నాగప్ప. దిగి, పిట్టగోడ మీద చేతులు పెట్టి నిండుగా పోతున్న నీళ్లను చూశాడు.

“మొదటిసారి నీళ్లిడిసిన నాడు ఊరంత గట్టు మీదనే ఉన్నం బిడ్డా. ముందుగాల బురద వచ్చింది. చెత్త, ఎండాకులు, ఎవనిదో తెగిన చెప్పు. దాని ఎనకాల నీళ్లు. మెల్లగ వచ్చినయ్, ఈ దారి తెల్వనట్టు. నేను దిగి నిలబడ్డ. మోకాళ్ల దాక వచ్చె. మీ అత్త గట్టు మీదికెల్లి పిలుస్తనే ఉన్నది, నాకు వినబడలే.”

“ఏమనిపించింది మామా?”

“భయమైంది,” అన్నాడు నాగప్ప. “ఇంత మంచి మనకు జరుగుతదా అని.”

*

శివశంకర్‌కు వనపర్తిలో ఎరువుల దుకాణం. పైన కొత్తగా అద్దాల అంతస్తు లేపాడు. నాగప్పను చూసి లేచి కుర్చీ వేశాడు, చాయ్ చెప్పాడు. మర్యాదకు ఏ లోటూ లేదు.

“నేను ఎగ్గొట్టేటోన్ని గాదు పెద్దనాయినా. నాగర్‌కర్నూల్ శంకరయ్య సార్ నాకియ్యాలె. డెబ్బైకి నా దగ్గర తీసుకున్నడు. ఆయన ఇచ్చిన గంటల నేను నాగేశ్‌కు కొడ్త.”

“నువ్వు ఆ చేను చూసినవా?” అన్నాడు నాగప్ప.

శివశంకర్ తడబడ్డాడు. “ఫోన్ల చూసిన. హైవే బిట్టు గద.”

“ఎరువులు అమ్మితే బతకలేకపోయినవా నాయినా?”

“పదిహేనేండ్లు అమ్మిన. ఆ పదిహేనేండ్ల సంపాదన ఈ ఒక్క ఏడాదిల సంతకాల మీద వచ్చింది.”

“చేతికొచ్చిందా?” అడిగింది నవనీత.

అతను ఆమె వైపు మొదటిసారి సరిగ్గా చూశాడు. “చేతికంటే… వచ్చింది వచ్చినట్టే ఇంకో అగ్రిమెంట్ల పెట్టినమ్మా. ఇప్పుడు నా చేతుల పదకొండున్నయ్. అన్నీ మంచి బిట్లు.”

“పదకొండిట్ల ఒకటన్న రిజిస్ట్రేషన్ అయిందా?”

 బయట ట్రాక్టరు మీద యూరియా బస్తాలు ఎత్తుతున్నారు. శివశంకర్ చాయ్ గ్లాసు పక్కకు జరిపాడు.

“సార్ దగ్గరికి పోతరా? పోయినంక నాకు గూడ ఒక ఫోను చెయ్యమ్మా,” అన్నాడు. “మూడొద్దుల సంది ఎత్తుతలేడు.”

*

స్కూటీ దుకాణం ముందే పెట్టి ఇద్దరూ నాగర్‌కర్నూల్ బస్సెక్కారు.

శంకరయ్య రిటైరైన లెక్కల మాస్టారు. ఇంటి ముందు గదిలో గోడకు వెంచర్ మ్యాపు అతికించి ఉంది. పింఛను పైసలు, భార్య పుస్తెలతాడు పెట్టి తెచ్చిన పైసలు కలిపి శివశంకర్‌కు బయానా కట్టాడట. ఆ పొలాన్నే తొంభైకి వెంచర్ కంపెనీకి అగ్రిమెంటు చేశాడు. కంపెనీ ఆయన్ని తన ఏజెంటుగా పెట్టుకుంది.

వీళ్లు ఎవరో చెప్పగానే ఆయన ఆశ్చర్యపోలేదు. “మాసయ్య తరఫున వచ్చిన్రా,” అన్నాడు. “చేను గల మనిషి తరఫున ఎవరో ఒకరు వస్తరని చూస్తున్న. కూసోండ్రి.”

టేబుల్ మీద నోటు పుస్తకం తెరిచి ఉంది. పేజీ నిండా అంకెలు.

“నలభై ఏండ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన. ఈ లెక్క మాత్రం పోయిన వారమే చేసిన. ముందు చెయ్యలే. ఏంటికి చెయ్యలేదో నాకే తెల్వదు.” ఆయన కళ్లద్దాలు తీసి తుడిచాడు. “మాసయ్య నాలుగెకరాల మీద మేం నలుగురం ఒకరికొకరం ఇస్తమన్న పైసలు పది కోట్లు దాటినయ్ అమ్మా. నిజంగ చేతులు మారింది కోటి గూడ లేదు. ఆ కోటి లోపల గూడ బయట నుంచి వచ్చినయ్ కొన్నే. మిగిలినయ్ అవే పైసలు మళ్లమళ్ల తిరిగినయ్.”

నవనీత ఆ పేజీ వైపు చూస్తుండిపోయింది. నాలుగెకరాలు. ఒక్క గింజ పండలేదు. ఎవరూ దున్నలేదు. అయినా వనపర్తిలో అద్దాల అంతస్తు లేచింది, తమ ఇంటి ముందు నాగేశ్ కొన్న కారు నిలబడింది, అయిజలో ఎవరో రైతు చేతికి పది లక్షలు పోయాయి. ఒట్టి మాట ఇంత పని చేసిందా అనిపించింది. గుడిలో గర్భగుడి ముందు నిలబడ్డప్పుడు ఒళ్లు జలదరించినట్టు జలదరించింది ఆమెకు.

“మరి మోసం ఎవరు చేసిన్రు సార్?” అన్నాడు నాగప్ప.

“అదే నేనూ వెతికిన. దొరకలే.” శంకరయ్య గొంతు తగ్గింది. “నీళ్లొచ్చింది నిజం. రెండు పంటలు పండింది నిజం. రెండు లక్షలకు ఎవడూ కొనని ఎకరం ఇరవైకి పోయింది నిజం. ఆడిదాక అంత నిజమే పెద్దమనిషీ. ఇరవై అయినప్పుడు నలభై ఏంటికి గాదనుకున్నం. నలభై అయింది. అప్పుడు బ్యాంకులు గూడ మా భూమి ధర చూసి పిలిచి అప్పులిచ్చినయ్. ఆ అప్పులతోని మళ్ల భూమే కొన్నం. మేం కొన్నందుకే ధర పెరిగింది. పెరిగిందని మళ్ల కొన్నం.”

“కంపెనీ మీకు ఎప్పుడిస్తది?”

“సోమవారం అంటున్నరు. వెంచర్ల ప్లాట్లు ముందే బుక్ చేసుకున్నోళ్లు నాలుగు వందల పన్నెండు మంది ఉన్నరు. వాళ్ల ఆఖరు కిస్తు రాంగనే నాకిస్తరట. నేను శివశంకర్‌కు, ఆయన మీకు, మీరు మాసయ్యకు. ఒక్కసారి చక్రం తిరిగిందంటే అందరం ఒడ్డెక్కుతం.”

“ఆ నాలుగు వందల మంది ఎవరు?”

శంకరయ్య ఒక ఫైలు ఆమె ముందుకు తోశాడు.

మొదటి పేజీలో అన్నీ తెలిసిన పేర్లే. పెబ్బేరు చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు. తను లెక్కల పుస్తకాలు రాసే మహిళా సంఘాల సభ్యులు. తర్వాతి పేజీల్లో గద్వాల నేతగాళ్లు. వాళ్లలో తన మేనమామ. ఒక్కొక్క పేరు మీద వేలు ఆనించుకుంటూ పోయింది. మొదటి కిస్తు కట్టిన తేదీలు చూసింది. సంఘాలకు బ్యాంకు అప్పు వచ్చిన మరునాటి తేదీలు అవి. ఆ అప్పుల దరఖాస్తుల మీద ‘పాడి గేదెల కొరకు’ అని రాసింది తనే.

ఇంక మిగిలింది ఆఖరు కిస్తు. ఇవాళ సాయంత్రం అయిదు గంటలకు సంఘం బిల్డింగులో మీటింగు ఉంది. పదకొండు సంఘాల లీడర్లు తీర్మానం మీద సంతకాలు చేస్తే రెండో విడత అప్పు రేపే ఖాతాల్లో పడుతుంది, అక్కణ్ణించి కంపెనీకి పోతుంది.

“సార్,” అంది నవనీత మెల్లగా. “మేం మీ కోసం వచ్చినం. మీరు కంపెనీ కోసం చూస్తున్నరు. కంపెనీ మా కోసం చూస్తున్నది.”

శంకరయ్య తల ఊపాడు. ఆ లెక్క ఆయనకు వారం కిందే తేలింది.

నాగప్ప మాత్రం ఫైలు మీదికి వంగి ఒక పేరు దగ్గర ఆగిపోయాడు. ఆయనకు చదువు రాదు. కానీ ఆ ఒక్క పేరు ఆయన గుర్తుపట్టగలడు. సంఘంలో చేరాక భార్య తమ ఇంటి గోడ మీద బొగ్గుతో రాసి రాసి నేర్చుకున్న సంతకం అది.

“పదిహేడు, పద్దెనిమిది,” చదివింది నవనీత. “రెండు ప్లాట్లు. అత్తమ్మవి.”

*

వెనక్కి వచ్చేటప్పుడు మాసయ్య చేను దగ్గర నాగప్పే ఆపించి దిగాడు. రిజిస్ట్రేషన్ కాకముందే కంపెనీ అక్కడ మొరం పోసి ప్లాట్ల రాళ్లు పాతింది. ఇద్దరికీ పదిహేడో నంబరు రాయి దొరకడానికి చాలాసేపు పట్టింది. పసుపు రంగు అంకె ఎండకు అప్పుడే వెలిసిపోతోంది.

“ఈడ మాసయ్య దోస తీగలు పెట్టేటోడు,” అన్నాడు. వంగి మొరం పక్కకు గీకాడు. జానెడు లోతున ఎర్ర మన్ను తగిలింది. దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు నిలబడ్డాడు.

“మామా, పోదామా?”

“ఇదేం మారలే బిడ్డా,” అన్నాడు ఆయన, నమ్మలేనట్టు. “మీద ఇంత జరిగింది. దీనికి ఏం తెల్వదు.”

*

ఇంటికి వచ్చేసరికి నాగేశ్ అరుగు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ల నిండా దుమ్ము. మాసయ్య పక్కనే ఉన్నాడు. 

“తహసీల్ ఆఫీసుకు పోయిన,” అన్నాడు నాగేశ్, ఎవరూ అడగకముందే. “శివశంకర్ వస్తడేమోనని. పోయిన నెల నిలబడ జాగ లేకుండె ఆడ. ఇయ్యాల నలుగురున్నరు నవనీ. కుర్చీలన్నీ ఖాళీ. ఆపరేటర్ ఫోన్ చూసుకుంట కూసున్నడు.”

నాగప్ప కొడుకును దాటి లోపలికి పోయాడు. లక్ష్మీదేవమ్మ ఎదురొచ్చింది.

“పదిహేడు, పద్దెనిమిది,” అన్నాడు ఆయన.

 ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. “ఎవరు చెప్పిన్రు?”

“నీ సంతకమే చెప్పింది. యాడియి పైసలు?”

“గాజులు కుదువ పెట్టిన. సంఘం అప్పు కొంచెం.”

“నన్నొక్క మాట అడగకపోతివి.”

“నిన్నడిగితే వద్దంటవు. నువ్వు నీళ్లొచ్చినప్పుడు గూడ భయపడ్డవు.” లక్ష్మీదేవమ్మ ఆయన ముందుకు వచ్చి నిలబడింది. “ఊరంత పైకి పోతుంటె నేనొక్కదాన్నే పొయ్యి కాడ కూసోవాల్నా? పుణెల తట్ట మోసిన నెత్తి ఇది. మల్ల ఏ నాడు మొయ్యొద్దని కొన్న. తప్పా?”

 నాగప్ప మంచం మీద కూర్చుని గోడ వైపు తిరిగాడు. 

బయటికి వచ్చి ఆమె మాసయ్య ముందు కింద కూర్చుంది. జరిగిందంతా చెప్పింది. ఒక్క పేరు దాచలేదు. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

“అంటే,” అన్నాడు చివరికి, “పైసలు రావు.”

“ఇయ్యాల రావు పెద్దయ్యా.”

“చేను నాదేనా?”

“కాగితం ప్రకారం నీదే.”

“అయితే రేపు పొద్దుగాల ట్రాక్టర్ పెట్టి ఆ రాళ్లు పీకిస్త. మొరం గీకిస్త. దున్నుకుంట.”

నాగేశ్ చటుక్కున వచ్చి ఆయన కాళ్లు పట్టుకున్నాడు. “నాలుగొద్దులు ఆగు పెద్దయ్యా. నీ నాలుగెకరాలే వెంచర్‌కు దారి. నువ్వు ఒక్క రాయి పీకినవంటే సాయంత్రం వరకు మూడు జిల్లాలకు తెలుస్తది. ఎవ్వరూ కిస్తు కట్టరు. నీ అయిజ భూమి పోతది, మా ఇల్లు పోతది, అమ్మ గాజులు పోతయ్. ఆ రాళ్లు నిలబడ్డన్ని రోజులే మనమందరం నిలబడ్డం.”

మాసయ్య కింద ఉన్న ఆ తల వైపు చూశాడు. కోపం లేదు ఆయన మొహంలో. ఏదో పెద్ద కొండను దగ్గరి నుంచి చూసినట్టు చూశాడు.

“నా రాళ్ల మీద ఇంతమంది ఉన్నరా,” అన్నాడు.

లేచి, కవరు చంకలో పెట్టుకుని, అవునని గాని కాదని గాని చెప్పకుండా వెళ్లిపోయాడు.

నాగేశ్ భార్య చేయి పట్టుకున్నాడు. “మీటింగుకు టైమైతున్నది. నువ్వు తీర్మానం రాయి చాలు. ఒక్కసారి తిరగనియ్. సోమవారం మాసయ్యకు మొదలు నేనే కడ్త. మన అమ్మానాయిన మీద ఒట్టు.”

“తిరిగినంక?”

“తిరిగినంక మనం బయటపడ్తం.”

“మనం బయటికొస్తే లోపల ఎవరుంటరు?” అంది నవనీత.

అతను చేయి వదిలేశాడు.

*

సంఘం బిల్డింగులో పదకొండు మంది లీడర్లు చాప మీద గుండ్రంగా కూర్చున్నారు. లక్ష్మీదేవమ్మ కూడా వాళ్లలో ఒకరు. ఆమె అందరికంటే ముందే వచ్చి గోడ పక్కన కూర్చుంది, కోడలి వైపు చూడకుండా. పడమటి కిటికీలోంచి ఎండ చాప దాకా పాకింది.

అధ్యక్షురాలు తిరుపతమ్మ తీర్మానం పుస్తకం ముందుకు జరిపింది. “రాయి నవనీతా. అందరికీ పనులున్నయ్.”

నవనీత పుస్తకం తెరవలేదు.

“అక్కా, ఒక మాట చెప్తా. విన్నంక మీ ఇష్టం.” ఆమె పుస్తకం పక్కన పెట్టింది. “వెంచర్ల మనం కట్టే కిస్తు తీసుకపోయి కంపెనీ నాగర్‌కర్నూల్ సార్‌కు ఇస్తది. ఆయన వనపర్తికి, వాళ్లు మా ఇంటాయనకు, మా ఇంటాయన మాసయ్యకు. మన పైసలే మన దగ్గరికి వస్తున్నయ్. బయట నుంచి కొనేటోడు ఎవ్వడు లేడు. భూమి ఇంకా కంపెనీ పేరు మీద కాలే. ఈ అప్పు మనం తెస్తే కట్టేది మనమే. నేను ఇది రాయలేను.”

 ఏడుపులు, తిట్లు వస్తాయని నవనీత కాచుకుని ఉంది. ఒక్క గొంతూ లేవలేదు.

తిరుపతమ్మ కొంగు సర్దుకుంది.

“తెల్సు,” అంది.

నవనీత తల ఎత్తింది.

“నెల కింద మా తమ్ముడు చెప్పిండు. కొనేటోళ్లు ఆగిపోయిన్రని. నాకొక్కదానికే తెల్సనుకున్న.” తిరుపతమ్మ చాప మీది మొహాలన్నీ ఒకసారి చూసింది. “ఏం పద్మా, నీకు?”

“నాకు పండుగప్పుడే తెలిసె,” అంది పక్కనున్న ఆమె, కింద చూస్తూ.

ఇంకొకరు తల ఊపారు. ఇంకొకరు. ఒక్కొక్కరే ఊపుతుంటే మిగతావాళ్లు ఒకరినొకరు కొత్తవాళ్లను చూసినట్టు చూసుకున్నారు. ప్రతి ఒక్కరూ తను మాత్రమే ముందు తెలుసుకున్నానని, తను మాత్రమే చప్పుడు కాకుండా దాటిపోవచ్చని అనుకున్నారు. నెల రోజులుగా ఊరంతా ఒకే రహస్యాన్ని విడివిడిగా మోసింది. 

“అందుకే అంటున్న, రాయి,” అంది తిరుపతమ్మ నెమ్మదిగా. “ఇప్పుడు ఆపితే అందరం మునుగుతం. ఒక్కపారి తిరిగితే మన కిస్తులు మనకు లాభంతోని వస్తయ్. ఆ పొద్దే ప్లాట్లు అమ్మేసుకుని ఇవుతలికి వద్దాం.”

“తిరుపతమ్మా.”

లక్ష్మీదేవమ్మ గొంతు అది. అందరూ అటు తిరిగారు.

“నెల కింద తెల్సా నీకు?”

తిరుపతమ్మ పుస్తకం అంచు సర్దింది.

“నాకు ఆ రెండు ప్లాట్లు నువ్వు ఇప్పించి ఇరవై రెండొద్దులైంది. నీ పేరు మీదియి కొట్టేసి నా పేరు రాయించినవు. గాజులు కుదువ పెట్టనీకె నా ఎంట దుకాణం దాక వచ్చినవు.”

“వదినా, అందరం అట్లనే…”

“అంటే ఈడ తెల్వనిదాన్ని నేనొక్కదాన్నేనా?”

ఎవరూ ఆమె కళ్లలోకి చూడలేదు. బయట ఎవరిదో బర్రె అరిచింది. తిరుపతమ్మ పుస్తకం తనే లాక్కుని, తీర్మానం తనే రాయడం మొదలుపెట్టింది. అక్షరాలు పెద్దవిగా, వంకరగా వచ్చాయి. రాసి సంతకం చేసింది. పుస్తకం చేతులు మారుతూ పోయింది. పది సంతకాలయ్యాయి. ఒక్కటి తక్కువైనా బ్యాంకు తీసుకోదు.

చివరికి పుస్తకం లక్ష్మీదేవమ్మ ఒళ్లోకి వచ్చింది. ఆమె కలం పట్టుకుంది. పది మంది చూస్తున్నారు. గాజులు లేని ఆ చేయి కాగితం మీద ఆగింది.

“నవనీతా, నువ్వు చదువుకున్నదానివి,” అంది ఆమె. “ఒకటి చెప్పు. నేను సంతకం పెడితే పైసలు తిరుగుతయ్. నా ప్లాట్లు నేను అమ్ముకోవాలె. అంతే గద?”

“అంతే అత్తమ్మా.”

“అయితే కొనేటోళ్లకు తెల్వకుండ ఉండాలె గద. నా తర్వాత తెల్వనోళ్లు ఎవరు?”

నవనీత నోరు తెరిచేలోపే గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. ముప్పై ఏళ్లు కూడా లేని ఒక ఆమె చేతిసంచి గుండెకు అదుముకుని లోపలికి తొంగిచూసింది. పక్క ఊరి సంధ్య. పోయిన ఏడు భర్త లారీ ప్రమాదంలో చనిపోతే ఆమెకు బీమా పైసలు వచ్చాయని అందరూ విన్నారు.

“తిరుపతమ్మక్కా, రమ్మంటివి గద,” అంది మొహమాటంగా. “ప్లాటు సంగతి.”

గదిలో అందరూ ఆమె వైపు చూశారు.

“రా బిడ్డా, కూసో,” అంది తిరుపతమ్మ, లక్ష్మీదేవమ్మ పక్కన చాప మీద చోటు చూపించి.